తాతగారి మెడల్స్: డూప్లికేటా, దర్జీ కాపీయా, పాత మార్కెట్ ముక్కా? ఎవరికి ఏది సరిపోతుంది

పాత ఫొటోలో ఆయన ఛాతీ మీద అయిదు మెడల్స్ ఉంటాయి. ట్రంకుపెట్టెలో గుడ్డ మూట విప్పితే నాలుగే దొరుకుతాయి. ఉన్నవాటిలో ఒకదానికి రిబ్బను చీకిపోయి ఉంటుంది, ఇంకోదాని మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. అయిదోదాన్ని తెచ్చి అన్నీ కలిపి ఫ్రేము కట్టించాలని ఇంట్లోవాళ్ళకు ఉంటుంది. దానికి ఉన్న దారులు నాలుగు: రికార్డ్ ఆఫీసుకు (సైనికుల సర్వీసు కాగితాలు దాచే కార్యాలయానికి) దరఖాస్తు, కంటోన్మెంట్‌లో యూనిఫారాలు కుట్టే దుకాణంలో దొరికే దర్జీ కాపీ, పాత సరుకు అమ్మేవాళ్ళ దగ్గర ఆ కాలపు అసలు ముక్క, లేదా ఏమీ కొనకుండా ఉన్నవాటినే బాగుచేసుకోవడం. వీటిలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పలేం. మెడల్ ఏ కాలానిది, దాని మీద పేరు ఉందా, దాన్ని తగిలించుకుంటారా లేక గోడకు పెడతారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

డబ్బు తీసేముందు తేల్చుకోవలసినవి

మొదటిది హక్కు. ఫొటోలో ఉన్నంత మాత్రాన అది ఆయనకు మంజూరైన మెడల్ అని అనుకోవద్దు. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో మెడల్స్ గడి ఉంటుంది, అందులో రాసినదే లెక్క. ఆ బుక్కు దొరక్కపోతే పెన్షన్ కాగితాల్లో ఉన్న ఆర్మీ నంబరు పట్టుకుని రికార్డ్ ఆఫీసును అడగాలి. నంబరు ఉంటే సగం పని అయినట్టే. నంబరు లేకుండా పేరొక్కటే రాసి పంపిన ఉత్తరానికి జవాబు రావడం కష్టం.

రెండోది పేరు. స్వాతంత్ర్యం తరువాత మన ప్రభుత్వం ఇచ్చిన గుండ్రటి మెడల్ అంచు చుట్టూ సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిటు కొట్టి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్‌కైతే వెనకవైపు ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ స్టార్లు మాత్రం మామూలుగా పేరు లేకుండానే వచ్చాయి. ఏ దారి పట్టాలో ఎక్కువగా తేల్చేది ఈ తేడానే. పేరున్న మెడల్ పోతే దాని స్థానంలో మార్కెట్లో దొరికేది ఏదైనా ఇంకొకరి పేరుతోనో, పేరు లేకుండానో ఉంటుంది. పేరు లేని స్టార్ పోతే అదే కాలపు మరో స్టార్ నిజంగానే దానికి సాటి వస్తుంది.

మూడోది ఎందుకు అన్నది. డిసెంబర్ 16న విజయ్ దివస్‌కు, ఆగస్టు 15న జెండా దగ్గరికి తగిలించుకుని వెళ్ళడానికైతే ఒక ఎంపిక. హాల్లో ఫొటో పక్కన పెట్టడానికైతే వేరొకటి.

స్టారా, మెడలా?

ఇంట్లో ఎక్కువ తికమక ఇక్కడే. స్టార్ ఆకారంలో ఉంది కాబట్టి అది శౌర్య పురస్కారం అనుకుంటారు. కాదు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర వంటివి ఒక వ్యక్తి చూపిన సాహసానికి ఇచ్చేవి. యుద్ధ స్టార్ ఆ యుద్ధరంగంలో పనిచేసిన ప్రతివారికీ ఇచ్చేది. దానికి జోడీగా వచ్చే గుండ్రటి మెడల్ పరిధి ఇంకా పెద్దది, నేరుగా పోరులో లేకుండా డిపోలో పనిచేసినవారికీ అది రావచ్చు.

| యుద్ధం | ఆ రంగంలో ఉన్నవారికి | విస్తృతంగా ఇచ్చినది |
|---|---|---|
| రెండో ప్రపంచయుద్ధం | 1939-45 స్టార్, ఆఫ్రికా స్టార్, బర్మా స్టార్, ఇటలీ స్టార్ | వార్ మెడల్ 1939-45, ఇండియా సర్వీస్ మెడల్ |
| 1965 | సమర సేవా స్టార్ | రక్షా మెడల్ |
| 1971 | పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ | సంగ్రామ్ మెడల్ |
| 1999 కార్గిల్ | ఆపరేషన్ విజయ్ స్టార్ | ఆపరేషన్ విజయ్ మెడల్ |

రక్షా మెడల్‌కు నియమం 1965 ఆగస్టు 5 నాటికి కనీసం 180 రోజుల సర్వీసు. యుద్ధభూమికి వెళ్ళాడా లేదా అన్నది దానికి అక్కర్లేదు. కాబట్టి పెట్టెలో రక్షా మెడల్ ఒక్కటే ఉంటే స్టార్ పోయిందని వెతకనక్కర్లేదు, ఆయనకు స్టార్ వచ్చి ఉండకపోవచ్చు. 1971 సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉన్నా అంతే. తూర్పు రంగంలో చేసినవారికి పూర్వీ స్టార్, పశ్చిమాన చేసినవారికి పశ్చిమీ స్టార్. రెండూ ఉన్నవారూ ఉన్నారు, ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా ఛాతీ మీద రెండూ కనిపిస్తాయి.

1962 చైనా యుద్ధానికి మెడల్ ఏదని అడిగేవాళ్ళు చాలామంది. ఆ యుద్ధం పేరుతో విడి మెడల్ లేదు. జనరల్ సర్వీస్ మెడల్ 1947 రిబ్బను మీద ‘లద్దాఖ్ 1962’ లేదా ‘నేఫా 1962’ (నేఫా అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్) అని రాసిన సన్నటి లోహపు పట్టీ వస్తుంది. ఆ పట్టీని క్లాస్ప్ అంటారు. ఎర్ర రిబ్బను మీద అయిదు సన్నటి ఆకుపచ్చ గీతలుంటే అది ఈ మెడలే. గోవాకు ‘గోవా 1961’ క్లాస్ప్, కొరియాకు వెళ్ళినవారికి ‘ఓవర్సీస్ కొరియా 1950-53’ క్లాస్ప్ కూడా దీని మీదే ఉంటాయి. సైన్య సేవా మెడల్ అని ఇంకొకటి ఉంది, దానికీ ‘నేఫా’ క్లాస్ప్ ఉంది. కానీ దాని మీద సంవత్సరం ఉండదు, అది ఆ కష్టమైన ప్రాంతంలో సర్వీసు చేసినందుకు ఇచ్చేది. 1962 అనే అంకె ఉందా లేదా అన్నదాంతో మొత్తం అర్థం మారిపోతుంది. జనరల్ సర్వీస్ మెడల్‌కు క్లాస్ప్ ఊడిపోయి ఉంటే, ఆ పట్టీ కోసం పక్కన పడేసిన రిబ్బను ముక్కల్లో ఒకసారి వెతకండి. మెడల్ కన్నా ముందు పోయేది ఆ పట్టీయే.

రెండో యుద్ధపు స్టార్లు ఆరు కోణాలవి. పసుపుపచ్చ రాగి మిశ్రమం, ఎత్తు సుమారు 44 మిల్లీమీటర్లు, నడుమ కిరీటం, ఆరో జార్జి రాజు అక్షరాలు. మన 1965, 1971 స్టార్లు అయిదు కోణాలవి, నడుమ నాలుగు సింహాల ముద్ర. రిబ్బను లేని ఆరు కోణాల స్టార్ దొరికితే చుట్టూ రాసిన పేరు చదవండి, ‘బర్మా’ అని ఉంటే 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 దాకా జరిగిన ఆ రంగానిది. ‘1939-45 స్టార్’ రిబ్బనులో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంటాయి. నౌకాదళం, సైన్యం, వైమానిక దళం అన్నమాట. గుండ్రటి వార్ మెడల్‌కు ఆ కాలంలో 28 రోజుల సర్వీసు చాలు. ఇండియా సర్వీస్ మెడల్‌కు మాత్రం మూడేళ్ళు కావాలి, దాని వెనక భారతదేశపు పటం ఉంటుంది.

మొదటి దారి: రికార్డ్ ఆఫీసు

1947 తరువాతి మెడల్ అయితే, హక్కు కాగితం మీద ఉంటే, తక్కిన మూడు దారుల కన్నా ముందు దీన్నే ప్రయత్నించాలి. కారణం ఒక్కటే. ఇంకే దారిలోనూ ఆయన పేరుతో మెడల్ రాదు.

ఇందులో రెండు రకాల కేసులున్నాయి, కలిపేయకండి. మెడల్ మంజూరైంది కానీ చేతికి రానేలేదు అన్నది ఒకటి. ఆర్డరు పడేలోపు రిటైరై ఊరికి వచ్చేసినవారు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వీరు అడగవలసింది డూప్లికేట్ కాదు, తమకు రావలసిన అసలు మెడల్. ఉత్తరంలో ‘పోయింది’ అని రాస్తే కేసు తప్పు దారిలోకి వెళ్తుంది, ఎలా పోయిందో రుజువులు అడుగుతారు. ‘ఇంతవరకు అందలేదు’ అని స్పష్టంగా రాయాలి. రెండోది నిజంగా పోయినది. దీనికి సాధారణంగా పోయిన సందర్భం వివరించే నోటరీ అఫిడవిట్, పోలీసు ఫిర్యాదు కాపీ, డిశ్చార్జి బుక్కు నకలు జతచేస్తారు. సైనికుడు లేకపోతే మరణ ధృవీకరణ పత్రం, వారసత్వానికి రుజువు కూడా పెట్టాలి.

ఎక్కడికి రాయాలన్నది రెజిమెంటును బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కు (ఇంజనీర్ల దళం) బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డినెన్స్ కోర్‌లకు సికింద్రాబాద్, మెడికల్ కోర్‌కు లక్నో. ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌కు ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్. నెల్లూరు, ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా పంపితే మాజీ సైనికుడి గుర్తింపు, సంతకాలు అక్కడే సరిచూస్తారు. నేరుగా పంపినా ఒక నకలు అక్కడ ఇచ్చి రావడం మంచిది.

దరఖాస్తు తిరిగొచ్చేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి పేరు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. పట్టాలో ఉండేది వేరు, భర్తీ రోజున క్లర్కు రాసుకున్నది వేరు. సుబ్బయ్య అనే పేరుకు ఇంగ్లీషు అక్షరాలు నాలుగు రకాలుగా పడతాయి. ఆధార్‌లో ఎలా ఉందో అలా కాదు, డిశ్చార్జి బుక్కులో ఎలా ఉందో అక్షరం మార్చకుండా రాయాలి. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్‌లో ఒక వాక్యం చేర్చాలి.

రెండోది జిల్లా. ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు. ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970 ఫిబ్రవరి 2న, ఒంగోలు జిల్లాగా. 1972లో ప్రకాశం పేరు వచ్చింది. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లా. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1963లో చేరిన గిద్దలూరు సైనికుడి రికార్డులో ‘కర్నూలు’ అని ఉంటుంది. మనవడు ఇప్పటి జిల్లా పేరు ఒక్కటే రాస్తే పొంతన కుదరదు. 2022 పునర్విభజనతో సరిహద్దులు మళ్ళీ కదిలాయి. దరఖాస్తులో ఊరి పేరు, చేరిన నాటి తాలూకా, నాటి జిల్లా, ఇప్పటి జిల్లా నాలుగూ రాయండి. ఒక్క లైను ఎక్కువైనా కాగితం తిరిగిరాదు.

ఈ దారికి పట్టే కాలం ముందే చెప్పలేం, నెలలు దాటి పోవచ్చు. వచ్చే వారం సన్మానం ఉందని దీని మీద ఆధారపడొద్దు. బ్రిటిష్ కాలపు స్టార్ల కోసమైతే దీని మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

రెండో దారి: దర్జీ కాపీ

కంటోన్మెంట్ల పక్కన యూనిఫారాలు కుట్టే దుకాణాల్లో దొరికేవి ఇవి. ఢిల్లీ కంటోన్మెంట్ గోపీనాథ్ బజార్ ఈ సరుకుకు పేరుపడ్డది. సర్వీసులో ఉన్న జవాన్లు కూడా అసలు మెడల్ ఇంకా చేతికి అందనప్పుడు, లేదా అసలును పాడుచేసుకోవడం ఇష్టంలేక, వీటినే తగిలించుకుంటారు. కాబట్టి కాపీ అంటే మోసం అనుకోనక్కర్లేదు. తనకు హక్కున్న మెడల్ కాపీని సైనికుడు పెట్టుకోవడంలో తప్పు లేదు.

కొనేటప్పుడు నాలుగు చూడండి. సింహాల ముఖాలు విడివిడిగా కనిపిస్తున్నాయా, ముద్దగా కలిసిపోయాయా? హిందీ అక్షరాల పైగీత తెగకుండా ఉందా? అయస్కాంతం అంటుకుంటోందా? అసలు మెడల్ లోహం రాగి-నికెల్ లేదా రాగి మిశ్రమం, అయస్కాంతం అంటదు. అంటుకుంటే అది ఇనుము మీద పూత, కోస్తా గాలికి ఒక వానాకాలంలో తుప్పు పొంగుతుంది. రిబ్బను వెడల్పు 32 మిల్లీమీటర్లు ఉందా, గీతల వరుస సరిగ్గా ఉందా? దుకాణంలో రిబ్బన్లు తారుమారు కావడం మామూలే, 1965దానికి 1971 రిబ్బను కట్టి ఇచ్చేస్తారు. అసలు మెడల్ ఫొటో ఫోనులో పెట్టుకుని వెళ్ళి పక్కన పెట్టి పోల్చండి.

కాపీ వెనక ‘కాపీ’ అని, సంవత్సరంతో సహా, చిన్నగా చెక్కించండి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. ముప్పై ఏళ్ళ తరువాత మనవరాలు పెట్టె తెరిచినప్పుడు ఏది తాతగారి చేతిలో పడ్డదో, ఏది దుకాణంలో కొన్నదో ఆమెకు తెలియాలి. కాపీ అంచు మీద తాతగారి నంబరు, పేరు లేజర్‌తో కొట్టిస్తామని కొన్ని దుకాణాలు అంటాయి. వద్దనండి. దాంతో కాపీకి, అసలుకు తేడా చెరిగిపోతుంది.

మూడో దారి: ఆ కాలపు అసలు ముక్క

రెండో యుద్ధపు స్టార్, వార్ మెడల్ వంటి పేరు లేనివాటికి ఇది అన్నిటికన్నా మంచి దారి. అదే కాలంలో, అదే అచ్చుతో కొట్టినది కనుక ఫ్రేములో దానికి వంక ఉండదు. చేతిలోకి తీసుకుని భూతద్దం కింద అంచు చూడండి. అచ్చు కొట్టినదానికి అంచు పదునుగా, ఉపరితలం నున్నగా ఉంటుంది. పోత పోసినదానికి సూదిమొనంత గుంతలు, గుండ్రబారిన కోణాలు, కిరీటం మీద అరిగిన ముత్యాలు కనిపిస్తాయి.

1947 తరువాతి పేరున్న మెడల్‌ను మాత్రం ఈ దారిలో కొనకండి. అది ఇంకొక కుటుంబం పోగొట్టుకున్నది. అంచు ఆకురాయితో నున్నగా చేసి ‘పేరు లేనిది’ అని అమ్మేవారుంటారు. అంచు మందం ఒకచోట తగ్గి, మిగతా మెడల్ కన్నా మెరుస్తూ ఉంటే అదే సంగతి.

మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ గురించి ఒక మాట. అది చాలావరకు వెండిది, అంచు మీద పేరు ఉంటుంది. కూలీ దళాల్లో పనిచేసినవారికి కంచుతో ఇచ్చినవీ ఉన్నాయి, అవే అరుదు. వెండి తూకానికి కంసాలి దగ్గర కరిగిపోయినవి లెక్కలేనన్ని. నిండా ముప్పై గ్రాముల వెండి కోసం ఒక మనిషి పేరును కరిగించకండి. నూరేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది, దాన్ని దేశం దాటించడం కుదరదు. విదేశాల్లో ఉన్న మనవడికి కొరియర్ చేద్దామనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నాలుగో దారి: కొనకుండా ఉన్నవాటినే నిలబెట్టడం

రిబ్బన్లు మాత్రం కొత్తవి కొని, పోయిన మెడల్ స్థానంలో దాని రిబ్బను ముక్కను ఒంటరిగా పెట్టి, కింద పేరు రాయడం. చవక, నిజాయితీ రెండూ ఇందులో ఉన్నాయి. చాలా ఇళ్ళకు ఇదే నప్పుతుందని మా అభిప్రాయం. ఫ్రేములోని ఆ ఖాళీ, దాని కింద పేరు చూసినవాళ్ళు ఆగి అడుగుతారు.

అయితే బాగుచేయడం అంటే తోమడం కాదు. చింతపండు, ఉప్పు, విభూది, పీతాంబరి, బ్రాసో ఏదీ తాకించొద్దు. రాగి చెంబు తళతళలాడినట్టు మెడల్ కూడా మెరుస్తుంది, నిజమే. కానీ అంచు మీది పేరు అక్షరం లోతు చాలా తక్కువ. పండగ పండగకు తోమిన మెడల్ అంచును వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే నంబరులో మొదటి రెండు అంకెలు కనిపించి, యూనిటు పేరు దగ్గరికి వచ్చేసరికి నున్నగా ఉంటుంది. ఆ అక్షరాలు మళ్ళీ రావు. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. ఆకుపచ్చ చిలుము పొడిపొడిగా ఉంటే వెదురు పుల్లతో మెల్లగా గీకితే చాలు. పాత రిబ్బనును పారేయకుండా కవరులో వేసి ఫ్రేము వెనక అంటించండి.

కోస్తా ఇల్లా, మెట్ట ఇల్లా?

కావలి, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఇళ్ళలో ఉప్పు గాలి ఏడాది పొడవునా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. అక్కడ ఫ్రేముకు వెనక అట్ట చాలదు. అంచులు మూసిన లోతైన పెట్టె ఫ్రేము, లోపల సిలికా జెల్ పొట్లం, ఏటా కార్తీకంలో దాన్ని మార్చడం అవసరం. బయటి గోడకు కాకుండా నడిమి గోడకు తగిలించాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు తేమ బెడద తక్కువ, ఎండ బెడద ఎక్కువ. పడమటి కిటికీ ఎదురుగా పెడితే రిబ్బను ఎరుపు రెండు వేసవుల్లో గులాబీ రంగుకు దిగుతుంది.

ఎక్కడైనా సరే, మెడల్‌ను ఫెవికాల్, ఫోమ్ టేపులతో అంటించనివ్వకండి. దారంతో గుడ్డకు కుట్టించండి. రబ్బరు, ఉన్ని వెండిని నల్లబరుస్తాయి.

ఎవరికి ఏది?

| మీరు ఎవరు | ముందు చేయవలసింది | తగిలించుకోవడానికి, గోడకు |
|---|---|---|
| సైనికుడే ఉన్నారు, సభలకు వెళ్తారు | అసలు పెట్టెలో భద్రం, అందనివాటికి దరఖాస్తు | కోర్ట్ మౌంట్ చేసిన కాపీ సెట్, ఎడమ ఛాతీ మీద |
| ఆయన భార్య, పిల్లలు | రికార్డ్ ఆఫీసు, అక్షరం తప్పకుండా పేరు | అసలువే ఫ్రేములో |
| రెండో యుద్ధపు సైనికుడి వారసులు | హక్కు కాగితం | ఆ కాలపు స్టార్, లేదా రిబ్బను |
| పాఠశాల, ఊరి స్మారకం | కుటుంబం అనుమతి | ‘కాపీ’ అని రాసిన కాపీలే |

కోర్ట్ మౌంట్ అంటే రిబ్బన్లు, మెడల్స్ గట్టి పలక మీద కదలకుండా కుట్టడం. స్వింగ్ మౌంట్‌లో అవి వేలాడుతూ ఒకదానికొకటి కొట్టుకుంటాయి, గలగల వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ దెబ్బలు పేరున్న అంచు మీదే పడతాయి. తగిలించుకునేది కాపీ అయితే ఏదైనా ఫరవాలేదు. అసలును తగిలించుకోక తప్పకపోతే కోర్ట్ మౌంట్ ఒక్కటే.

కుటుంబసభ్యులు అమరుల స్మారకాల దగ్గర నివాళి సభల్లో ఆయన మెడల్స్ పెట్టుకోవాలనుకుంటే కుడివైపు పెట్టుకోవాలి. ఎడమ ఛాతీ సంపాదించినవారిది. హక్కు లేకుండా, సైనికుడినని నమ్మించేందుకు యూనిఫారం, సైనిక చిహ్నాలు ధరించడం భారతీయ న్యాయ సంహిత 168 సెక్షను కింద నేరం, మూడు నెలల దాకా జైలు. స్కూల్ ఫంక్షన్‌లో పిల్లాడికి తాతగారి మెడల్స్ తగిలించేటప్పుడు ఈ భయం అక్కర్లేదు. కాపీలు పెట్టండి, కుడివైపు పెట్టండి, పిన్ను మాత్రం చొక్కా జేబు గుడ్డతో కలిపి రెండు పొరలకు గుచ్చండి. ఒంటి పొరకు గుచ్చితే మెడల్స్ బరువుకు గుడ్డ చిరిగి, ఆడుకునే చోట మెడల్ జారిపోతుంది.